పేర్లు మార్చే వాకిలి

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ. ఆవిడ లైబ్రేరియన్, అతను కంప్యూటర్లూ నెట్‌వర్కూ చూసేవాడు. ఇద్దరిదీ పలమనేరు పక్కన ఒకే ఊరు కాబట్టి ఆఫీసులో కూడా అక్కా, తమ్ముడూ అనే పిలుపులే. వాళ్ల తగువు ఒక సర్వర్ గురించి. లైబ్రరీ కేటలాగు కోహా సాఫ్ట్‌వేర్‌తో ఒక మిషన్ మీద నడుస్తోంది. పాత ప్రశ్నపత్రాలూ ప్రాజెక్టు రిపోర్టులూ డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఇంకో మిషన్ మీద. పరీక్షల విభాగం పేజీలు మూడోచోట. ఇవి కాక, చందా కట్టి చదివే బయటి జర్నళ్లు. కాలేజీకి బయట కనిపించే ఐపీ అడ్రసు మాత్రం ఒక్కటే.

వీటన్నిటికీ ముందు ఒక్క వెబ్ సర్వర్‌ను నిలబెట్టాలని అక్క పట్టు. పిల్లలు ఏ పేజీ అడిగినా అదే వెనక్కి వెళ్లి తేవాలి, ఆ పేజీలోని లింకులన్నీ తన పేరు మీదికి తిరగరాసి ఇవ్వాలి. ఇలాంటి సర్వర్‌ను రివర్స్ ప్రాక్సీ అంటారు. తమ్ముడు ససేమిరా అంటున్నాడు. మాటలు వాళ్లవి. అక్కడక్కడా నేను కల్పించుకున్నాను.

అక్క: ఏమప్పా, అపాచీ వెబ్ సర్వర్‌లో నాలుగు లైన్లు రాస్తే అయ్యే పని అని నువ్వే అంటివి. ఇంకా ఎన్నాళ్లు తిప్పుతావు?

తమ్ముడు: నాలుగు లైన్లే అక్కా. ప్రాక్సీపాస్ అని ఒకటి, ప్రాక్సీపాస్‌రివర్స్ అని ఇంకొకటి. రాయడానికేం, రాస్తా. ఆ రెండోది చేసేది ఎంతో తెలుసునా? వెనకుండే సర్వర్ 'ఇక్కడ కాదు, ఫలానా చోటికి పో' అని దారి మళ్లిస్తే, ఆ హెడర్లో ఉండే అడ్రసును మాత్రం మారుస్తాది. పేజీ లోపలి లింకుల జోలికి పోదు. మన కోహా పేజీలో లింకులు 'స్లాష్ సీజీఐ-బిన్ స్లాష్ కోహా' అని మొదలవుతాయి. దాన్ని నువ్వు 'స్లాష్ కేటలాగ్' కింద పెట్టమంటావు. పిల్లోడు 'వెతుకు' అని నొక్కినాడంటే, బ్రౌజర్ ఆ 'కేటలాగ్' ముక్కను వదిలేసి సైటు మొదటికి పోతాది. ఆడ ఏముండాది? 'పేజీ లేదు' అనే 404.

అక్క: దానికే కదా, లింకులు తిరగరాసే మాడ్యూల్ ఒకటి ఉండాది అని నువ్వు అనింది?

తమ్ముడు: ఉండాది. మాడ్-ప్రాక్సీ-హెచ్‌టీఎంఎల్. నిక్ క్యూ అనే ఆయన విడిగా రాసింది, 2012లో అపాచీ 2.4తో పాటే వచ్చేసింది. పేజీని విప్పి, లింకులూ బొమ్మల అడ్రసులూ ఫారాలు పోయే చోట్లూ వెతికి, మార్చి, మళ్లీ కట్టి పంపుతాది. అయితే వెనక సర్వర్ పేజీని జీజిప్‌లో కుదించి పంపితే ముందు దాన్ని విప్పల్ల. స్టైల్‌షీట్లలో దాగిన అడ్రసులు దానికి కనపడవు. జావాస్క్రిప్టు సగం అడ్రసు ఈడా, సగం ఆడా తీసుకొని అతికించుకుంటే దానికి అసలే కనపడదు. కుకీల్లో డొమైనూ పాతూ వేరే ఆదేశాలతో మార్చల్ల. ఇంకొకటి, అది పేజీనంతా యూటీఎఫ్-8లోకి మార్చి పంపుతాది. యూనికోడ్ రాకముందు ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకొని కట్టిన పాత తెలుగు పేజీలుండాయే, అవి తమ ఎన్‌కోడింగ్ ఏందో సరిగ్గా చెప్పుకోకపోతే మనకు కనపడేది తెలుగు కాదు.

(ఇక్కడ ఒక మాట. తిరగరాతలో అసలు చిక్కు పనిచేయకపోవడం కాదు, తొంభై పాళ్లు పనిచేయడం. మొదటి పేజీ చక్కగా వస్తుంది, ప్రిన్సిపాల్‌కు చూపించినప్పుడూ చక్కగానే వస్తుంది. ఫలితాల ముందు రోజు రాత్రి ఏదో ఒక బటన్ ఎక్కడికో తీసుకుపోతుంది.)

అక్క: అయితే మన మూడు సైట్లూ ఎప్పటికీ లోపలే మగ్గల్లనా?

తమ్ముడు: ఎందుకు మగ్గుతాయి? కేటలాగుకు ఒక పేరు, ప్రశ్నపత్రాలకు ఒక పేరు, పరీక్షలకు ఒక పేరు ఇస్తా. మూడు సబ్‌డొమైన్లు. ఐపీ ఒకటే అయినా, బ్రౌజర్ అడిగేటప్పుడే ఏ పేరు కావాలో చెబుతాది. ముందుండే సర్వర్ ఆ పేరు చూసి ఏ మిషన్‌కు పంపాల్నో పంపుతాది. స్లాష్ తర్వాత దారి లోపలా బయటా ఒకటే గాబట్టి తిరగరాసే పనే లేదు. సర్టిఫికెట్లకు రూపాయి ఖర్చు లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఊరికే ఇస్తాది.

అక్క: సరే, మన ఇంటి సైట్లు నీ ఇష్టం. నా పోరంతా జర్నళ్ల గురించి.

మొదటి తగువు ఇంత తేలిగ్గా తీరింది. సొంత సైట్లకు ఎవరి పేరు వాళ్లకు ఇచ్చుకోగలిగినప్పుడు లింకులు తిరగరాయడం కొని తెచ్చుకునే తలనొప్పి. చాలా కాలేజీల్లో, ఆఫీసుల్లో ఈ ఒక్క సంగతి తెలియకే ఏళ్ల తరబడి తంటాలు పడుతుంటారు. జర్నళ్ల కథ వేరు. ఆ సైట్లు మనవి కావు, వాటి పేరు మార్చే హక్కు మనకు లేదు.

అక్క: 2020 మార్చిలో లాక్‌డౌన్ పెడితే హాస్టళ్లు ఖాళీ చేసి పిల్లలు యాడికి పోయినారు? కుప్పానికి, పుంగనూరుకు, వి.కోటకు, ఆ చుట్టుపక్కల పల్లెలకు. జర్నల్ వాళ్లు మనల్ని గుర్తుపట్టేది దేన్నిబట్టి? ఐపీ అడ్రసును బట్టి. కాలేజీ గేటు దాటితే మన పిల్ల వాళ్లకు ముక్కూ మొహం తెలియని మనిషి. కాలేజీ కట్టిన చందా కాలేజీ గోడల్లోనే ఉండిపోయింది. ప్రాక్సీ ఉండుంటే పిల్ల వి.కోటలో కూర్చొని ఫోన్లో మన సర్వర్‌కు లాగిన్ అయ్యేది, మన సర్వర్ మన ఐపీతో పోయి వ్యాసం తెచ్చి ఇచ్చేది. వ్యాసంలో ఇంకో వ్యాసానికి లింకు ఉంటే అదీ మన సర్వర్ మీదుగానే పోవల్ల గదా, అందుకే తిరగరాత. ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో క్రిస్ జాగర్ అని ఒక కాలేజీ లైబ్రేరియన్ 1999లోనే ఈజీప్రాక్సీ అని రాసిపెట్టినాడు. 2008లో ఓసీఎల్‌సీ అనే లైబ్రరీల సంస్థ దాన్ని కొనింది. లోకంలో వేల లైబ్రరీలు దాంతోనే బతుకుతా ఉండాయి. మన ఎన్‌-లిస్ట్ చూడు. 2010 నుంచి యూజీసీ వాళ్ల ఇన్‌ఫ్లిబ్‌నెట్ సర్వర్లలో లాగిన్ అయితేనే గదా డిగ్రీ కాలేజీ పిల్లలకు జర్నళ్లు తెరుచుకునేది.

తమ్ముడు: అవసరం లేదనలేదక్కా. ఆ పిల్ల ఫోన్లో పైన ఏ పేరు కనపడతాది, చెప్పు.

అక్క: ఏముండాది, జర్నల్ పేరు, వెనక మన కాలేజీ పేరు.

తమ్ముడు: సరిగ్గా చదువు. 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ హైఫన్ జేస్టోర్ హైఫన్ ఆర్గ్ డాట్ ప్రాక్సీ డాట్' ఆపైన మన కాలేజీ. చుక్కలుండాల్సిన చోట అడ్డగీతలు.

అక్క: అడ్డగీత ఎందుకు పెట్టల్ల? చుక్కలే ఉంచరాదా?

తమ్ముడు: ఒకే సర్టిఫికెట్‌తో అన్ని పేర్లూ మోయల్లంటే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకోవల్ల. అది ఒక్క అంచెకే చెల్లుతాది. 'ప్రాక్సీ డాట్' ముందర ఒక్క ముక్కే ఉండల్ల. జర్నల్ పేరులోని చుక్కలు అట్లనే ఉంచితే మూడు అంచెలవుతాయి, బ్రౌజర్ 'సర్టిఫికెట్ తప్పు' అని అడ్డం పడతాది. అందుకని చుక్కలు తీసి గీతలు పెడతారు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఏదైనా సైటు తెరిచి చూడు, ఆడా ఇదే తంతు.

అక్క: గూగులోడు పెడితే రాని తప్పు నేను పెడితే వచ్చిందా?

తమ్ముడు: మనం ఉండేది యాడక్కా? తిరుపతిలో. 2023 ఏప్రిల్‌లో టీటీడీ వాళ్లు నకిలీ వెబ్‌సైటు ఒకటి పట్టుకొని తిరుమల వన్ టౌన్ పోలీసులకు ఫిర్యాదు చేసిరి, గుర్తుందా? అప్పటికే నలభై నకిలీల మీద కేసులు, అది నలభై ఒకటోది. అప్పట్లో అసలు సైటు పేరు 'తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'. దొంగది 'తిరుపతిబాలాజీ హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఆర్గ్'. చూసినావా? చుక్కలు తీసి గీతలు పెట్టినారు, అంతే. నువ్వు పెట్టే ప్రాక్సీ చేసేదీ అదే పని. ఒక పక్క టీటీడీ 'గీతలున్న పేర్లను నమ్మొద్దు' అని జనానికి నేర్పాల్సి వస్తా ఉంటే, ఇంకో పక్క మన కాలేజీ మూడేళ్ల పాటు రోజూ 'గీతలున్న పేరే అసలుది, పాస్‌వర్డు కొట్టు' అని పిల్లలకు అలవాటు చేస్తాది. ఆ పిల్లే రేపు ఇంట్లో అమ్మకు దర్శనం టికెట్ బుక్ చేసేది.

ఈ మాటకు అక్క కొంచెంసేపు జవాబివ్వలేదు. మిగతా అభ్యంతరాలు ఏ ఊళ్లోనైనా చెప్పొచ్చు. ఇది తిరుపతిలో చెప్పాల్సిన అభ్యంతరం. మూడు వందల రూపాయల టికెట్ కోసం ఫోన్ పట్టుకుని కూర్చునే వేలమందిలో అడ్రసు పూర్తిగా చదివేవాళ్లు ఎందరు?

అక్క: వినప్పా. దొంగ పేరుకూ మన పేరుకూ ఒక తేడా ఉండాది. దొంగది 'గవ్ డాట్ ఆర్గ్' అని వాడు కొనుక్కున్న పేరుతో ముగుస్తాది. మనది మన కాలేజీ పేరుతోనే ముగుస్తాది. కుడి పక్క చివర ఎవరుంటే సైటు వాళ్లది. ఎడమ పక్క ఎవరు ఏమైనా రాసుకోవచ్చు. ఆ తేడా నేర్పేదానికి లైబ్రరీ కంటే మంచి చోటు యాడుండాది?

తమ్ముడు: ఫోన్ తెర మీద అంత పొడుగు పేరు పడతాదా? కొన్ని బ్రౌజర్లలో తాళం బొమ్మ చూసి నమ్ముతారు. తాళం బొమ్మ దొంగకూ ఉంటాది, సర్టిఫికెట్ వాడికీ ఊరికే వస్తాది గదా.

అక్క: పేరు మారడమే పాపమైతే టీటీడీ ఎన్నిసార్లు మార్చింది? ముందు 'టీటీడీ సేవా ఆన్‌లైన్ డాట్ కామ్'. 2020లో తిరుపతిబాలాజీ. 2024 జనవరి నుంచి 'టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'. 'ఒకే సంస్థ, ఒకే వెబ్‌సైట్, ఒకే మొబైల్ యాప్' అన్నారు. అందరూ ఒక్క వాకిలి కావాలనే గదా అనేది? కొండకు పోయే బండ్లు ఏ ఊరివైనా అలిపిరిలో ఆగే పోతాయి. నేనడిగేదీ అట్లాంటి ఒక్క గేటే.

తమ్ముడు: అలిపిరిలో బండిని తనిఖీ చేస్తారక్కా, నంబరు ప్లేటు మార్చరు. నువ్వడిగే గేటు ఎక్కేటప్పుడు ప్రతి బండికీ ప్లేటు పీకి మన నంబరు తగిలిస్తాది, దిగేటప్పుడు మళ్లీ మారుస్తాది. ఆ మధ్యలో ఏ బండి ఎవరిదో పోల్చుకునే దారి లేదు. ఇది ఊరికే అంటా ఉండేది కాదు. బ్రౌజర్‌లో భద్రత అంతా సైటు పేరు మీదే నిలబడి ఉండాది. ఒక పేరు కింద ఉండే స్క్రిప్టు ఇంకో పేరు కింద ఉండే కుకీలను ముట్టుకోరాదు, అదీ నియమం. నువ్వు పది సైట్లను ఒక్క పేరు కింద వేర్వేరు స్లాష్‌లుగా పెడితే, బ్రౌజర్ లెక్కలో పదీ ఒక్క సైటే. ఒకదాంట్లో దొంగ స్క్రిప్టు దూరితే మిగతా తొమ్మిదీ దానివే. 2009లో కంప్యూటర్ భద్రత చూసే అమెరికా సెర్ట్ ఇదే సంగతి చెప్పింది, ఇట్లా పేజీలు తిరగరాసి ఇచ్చే వీపీఎన్ పెట్టెలు బ్రౌజర్ కాపలానే పడగొడతా ఉండాయని. 2020లో జపాన్ పరిశోధకులు వెబ్ ప్రాక్సీలు, అనువాద సైట్లు, ఆర్కైవ్‌ల లాంటివి పరీక్షిస్తే చాలావాటిలో ఈ జబ్బే బయటపడింది.

అక్క: అందుకే గదా ఒక్కో జర్నల్‌కు ఒక్కో పేరు పెట్టేది, నువ్వు దెప్పిపొడిచే ఆ గీతల పేర్లు? ఒక్క పేరు కింద స్లాష్‌లు పెడితే కాపలా పోతాది అంటావు. వేర్వేరు పేర్లు పెడితే దొంగ పేర్ల మాదిరి ఉండాయంటావు. ఏదో ఒకటి చెప్పప్పా!

తమ్ముడు: రెండూ వద్దంటా ఉండా. ఇన్‌ఫెడ్‌లో చేరదాం. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లదే, షిబ్బోలెత్ అనే లాగిన్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాది. పిల్ల నేరుగా అసలు జర్నల్ సైటుకే పోతాది, మన కాలేజీని ఎంచుకుంటాది, మన లాగిన్ పేజీకి వస్తాది, 'ఈమె మా పిల్లే' అని మనం చెబుతాం. పేరు మార్చేది లేదు, లింకు తిరగరాసేది లేదు, జర్నల్ పాస్‌వర్డులు మన సర్వర్ గుండా పోయేది లేదు.

అక్క: కాగితం మీద బాగుండాది. నేను పిల్లలతో చేయించి చూసినా. ఒక్కో ప్రచురణ సంస్థ ఆ 'సంస్థ ద్వారా లాగిన్' అనేదాన్ని ఒక్కో మూల దాచిపెడతాది. దాన్ని పట్టుకున్నాక కాలేజీల చిట్టా వస్తాది. ఆడ వెతకల్ల. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర అనే పేరు ఎన్నిటికి ఉండాది? 1954 నాటి యూనివర్సిటీ, ఆర్ట్స్ కాలేజీ, మెడికల్ కాలేజీ, వెటర్నరీ యూనివర్సిటీ, వేద విశ్వవిద్యాలయం, స్విమ్స్. చిట్టాలో కొన్ని 'ఎస్‌వీ' అని, కొన్ని 'శ్రీ' అని. పిల్ల తనది కానిది నొక్కుతాది, 'మీకు అనుమతి లేదు' అని వస్తాది, ఫోన్ పక్కన పడేస్తాది. ప్రాక్సీలో ఒక్క లింకు, ఒక్క లాగిన్, అంతే.

తమ్ముడు: అది వాడకం కష్టం. నేర్చుకుంటారు.

అక్క: సరే, నువ్వు చెప్పని ఇంకో సంగతి నేను చెబుతా. ప్రాక్సీలో జర్నల్ వాళ్లకు కనపడేది మన కాలేజీ ఐపీ ఒక్కటే. చదివేది ఆడపిల్లా మగపిల్లోడా, ఏ గ్రూపు, ఏ ఊరు, ఏమీ తెలియదు. ఏ పిల్ల ఏ జబ్బు గురించి చదవతా ఉందో, ఏ చట్టం గురించి వెతకతా ఉందో వాళ్లకు అంతుపట్టదు. నీ ఇన్‌ఫెడ్‌లో మనం వాళ్లకు వివరాలు పంపే దారి ఒకటి తెరుచుకుంటాది. ఏమేం పంపాలో జాగ్రత్తగా కట్టడి చేయకపోతే మనిషి గుర్తు వాళ్ల చేతికి పోతాది. 2016లో ప్రచురణకర్తలు ఆర్ఏ21 అని మొదలుపెట్టి ఐపీ పద్ధతి తీసేద్దామంటే కొంతమంది లైబ్రరీల వాళ్లు ఎందుకు ఒప్పుకోలేదనుకున్నావు? ఇదే భయం. చందా లేకుండా వ్యాసాలు పంచే సై-హబ్‌కు యూనివర్సిటీ లాగిన్లతో వ్యాసాలు పోతా ఉంటే ప్రచురణకర్తలకు ప్రాక్సీ మీద కోపం. వాళ్ల కోపం మనకెందుకు?

తమ్ముడు: జర్నల్ వాడికి తెలియదు, ఒప్పుకుంటా. మన సర్వర్‌కు? ప్రాక్సీ దగ్గర ఎన్‌క్రిప్షన్ విప్పుకుంటాది, లోపల చూసి, లింకులు మార్చి, మళ్లీ కట్టి పంపుతాది. విప్పకుండా తిరగరాయలేదు గదా. ఏ పిల్ల ఏ పేజీ ఎన్ని గంటలకు చూసిందో అంతా నా లాగ్ ఫైల్లో ఉంటాది. బయటోడికి తెలియకుండా నాకు తెలుస్తాది. ఇది మేలా?

అక్క: లాగ్ ఎన్నాళ్లు ఉంచల్లో మనమే రాసుకుంటాం. వారం దాటితే చెరిపెయ్.

తమ్ముడు: చెరిపేస్తే, ఒకడి పాస్‌వర్డు పోయి రాత్రంతా వేల వ్యాసాలు దించినారనుకో. ప్రచురణ సంస్థ మన ఐపీని ఆపేస్తాది. ఒకడి కోసం కాలేజీ మొత్తానికి జర్నళ్లు బంద్. 'ఎవరు చేసినారో చెప్పండి, అప్పుడు తెరుస్తాం' అంటారు. లాగ్ లేకపోతే నేనేం చెప్పేది?

ఈ చోట ఇద్దరూ ఇరుక్కున్నారు. అక్కకు రహస్యం కావాలి, కాబట్టి లాగ్ ఉండకూడదు. తమ్ముడు లాగ్ అంటే భయపడతాడు, కానీ దొంగను పట్టడానికి అదే కావాలి. నాకు తోచింది అడిగాను: ఎవరు ఎంత దించుకున్నారో లెక్క ఉంచి, ఏం చదివారో మాత్రం ఉంచకపోతే? ఒక మనిషి గంటలో ఇన్ని మించితే ఆగిపోయేలా పరిమితి పెడితే? ఈజీప్రాక్సీలో వాడుక మీద పరిమితి పెట్టే సౌకర్యం ఎప్పటినుంచో ఉంది. తమ్ముడు తల ఊపాడు. 'పెట్టొచ్చు, కానీ దొంగ నాలుగు లాగిన్లతో వస్తాడు' అని కూడా అన్నాడు.

అక్క: వస్తే రానీ. నాలుగు లాగిన్ల దొంగకు భయపడి నాలుగు వందల మంది పిల్లల నోటి కాడ కూడు తీస్తామా?

తమ్ముడు: నేను తీయమనలేదక్కా. 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కు మూడేళ్లకు ఆరు వేల కోట్లు ఇచ్చింది. ముప్ఫై ప్రచురణ సంస్థలు, దగ్గర దగ్గర పదమూడు వేల జర్నళ్లు, ఆరు వేల మూడు వందలకు పైగా ప్రభుత్వ సంస్థలు. ఇంత పెద్ద వాకిలి తెరిచినప్పుడు ఊరికొక్క తిరగరాత సర్వర్ ఎవరు కాపాడతారు? మన మాదిరి కాలేజీలో ఆ పని చేసేది నేనొక్కణ్ణి. నేను లీవు పెట్టిన రోజు ఒక జర్నల్ సైటు వాళ్లు పేజీ మార్చినారంటే తిరగరాత తప్పిపోతాది, నీకు ఫోన్ల మీద ఫోన్లు.

అక్క: అది మాత్రం నిజమే.

తమ్ముడికి వాదం గెలిచే దారి ఇదేనని నా అభిప్రాయం. మనిషి లేని చోట తిరగరాత పెట్టకూడదు. తిరగరాత ఒకసారి కట్టి వదిలేసే గోడ కాదు, బయటి సైట్లు మారినప్పుడల్లా దాన్నీ మార్చాలి. ఈజీప్రాక్సీ వాడే లైబ్రరీల్లో ఒక్కో ప్రచురణ సంస్థకు ఒక్కో ఆదేశాల ముక్క ఉంటుంది. అవతలి సైటు మారినప్పుడు ఆ ముక్కనూ మార్చుకోవాల్సిందే. ఆ పని చేసే మనిషిని పెట్టకుండా సర్వర్ మాత్రం పెట్టే కాలేజీ రెండేళ్లలో దాన్ని వదిలేస్తుంది.

కానీ అక్క మాట కొట్టిపారేయడానికి లేదు. పల్లెలో ఫోన్ పట్టుకున్న పిల్లకు ఇన్‌ఫెడ్ చిట్టాలో తన కాలేజీ వెతుక్కోవడం చిన్న పని కాదు. చదివేవాళ్ల గుర్తు బయటికి పోకుండా కాపాడే పని ప్రాక్సీ చేసినంత సులువుగా ఇంకేదీ చేయదు. అందుకే నేనిచ్చే తీర్పు ఇది. కాలేజీ సొంత సైట్లకు తిరగరాత వద్దు, ఒక్కోదానికి ఒక్కో సబ్‌డొమైన్ చాలు. జర్నళ్లకు ముందు ఇన్‌ఫెడ్, ఎన్‌-లిస్ట్. వాటిలో దొరకని నాలుగైదు జర్నళ్లకు మాత్రమే ప్రాక్సీ, అదీ జర్నల్‌కొక పేరు చొప్పున, జాబితాలో ఉన్న సైట్లకు మాత్రమే. జాబితా లేని ప్రాక్సీని ఎవరైనా ఎక్కడికైనా వాడుకుంటారు, చెడ్డపేరు కాలేజీ ఐపీకి వస్తుంది. పాస్‌వర్డు అడిగే పేజీ ఒక్కటే ఉండాలి, దాని పేరులో గీతలు ఉండకూడదు. గీతల పేరున్న ఏ పేజీలోనూ పాస్‌వర్డు కొట్టవద్దని ఆ లాగిన్ పేజీ మీదే తెలుగులో రాసి పెట్టాలి.

అక్క సగం ఒప్పుకుంది. తమ్ముడు గీతల పేర్లు ఒక్కటీ వద్దనే ఇంకా అంటున్నాడు.

ఇది చదివేవాళ్లకు ఒక మాట. దర్శనం టికెట్‌కైనా, జర్నల్‌కైనా, బ్యాంకుకైనా, పాస్‌వర్డు కొట్టే ముందు పైనున్న అడ్రసును మొదటి ఒంటి స్లాష్ దాకా తీసుకుని, కుడి నుంచి ఎడమకు చదవండి. టీటీడీదైతే చివర 'డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' ఉండాలి, ముందు 'టీటీదేవస్థానమ్స్' ఉండాలి, మధ్యలో గీత ఉండకూడదు. తేడా కనిపిస్తే అక్కడే ఆగి, అడ్రసును మీ చేత్తో మళ్లీ కొట్టండి.